బ్లాగర్ నుంచి వర్డ్‌ప్రెస్‌కి మారుతున్నాను, దిగుమతి మధ్యలోనే ఆగిపోతోంది. లోపం నెట్‌లో ఉందా, సాఫ్ట్‌వేర్‌లో ఉందా?

వంశధార మాష్టారు · సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. టెక్కలి దగ్గర పల్లెలో ఉంటాను, తెలుగు మాష్టారుగా చేసి రిటైరయ్యాను. 2008 నుంచి బ్లాగర్‌లో బ్లాగు రాస్తున్నాను. మా శ్రీకాకుళం వైపు మాటల మీద. బుగత, కంబారి, గుంటడు, చోడి (రాగులు), గంటెలు (సజ్జలు), ఇలా ఏ మాట ఎక్కడ విన్నానో, ఎవరు ఎలా వాడారో రాసి పెట్టుకుంటూ వచ్చాను. ఇప్పటికి 612 టపాలు, నాలుగు వేల మూడు వందల పైచిలుకు వ్యాఖ్యలు అయ్యాయి.

నిజం చెప్పాలంటే నా టపాల కన్నా ఆ వ్యాఖ్యలే నాకు ముఖ్యం. నేను చోడి అంబలి మీద ఒక పేజీ రాస్తే, కింద పలాస నుంచి ఒకరు, బొబ్బిలి నుంచి ఒకరు, తాతల నాడే ఖరగ్‌పూర్ వెళ్లి స్థిరపడిన కుటుంబంలోని ఒకావిడ వచ్చి, మా ఇంట్లో ఇలా అనేవాళ్లు అని రాశారు. నాకు తెలియని మాటలు సగం అక్కడే దొరికాయి. అలా రాసినవాళ్లలో ముగ్గురు ఇప్పుడు లేరు.

ఇన్నాళ్లూ బ్లాగర్‌లో బాగానే సాగింది. కానీ ఇప్పుడు మాటలన్నీ అకారాది క్రమంలో పెట్టాలి, మండలాల వారీగా విడదీయాలి, సొంత పేరు మీద ఉండాలి అని వర్డ్‌ప్రెస్‌కి మారదామనుకున్నాను. పేరు కొన్నాను, సర్వర్‌లో చోటు అద్దెకు తీసుకున్నాను. బ్లాగర్ సెట్టింగ్స్‌లో బ్యాకప్ తీస్తే 14 ఎంబీ ఫైలు వచ్చింది. దాన్ని వర్డ్‌ప్రెస్‌లో దిగుమతి చేస్తుంటే ముప్పై శాతమో నలభై శాతమో వెళ్లి ఆగిపోతోంది, చివరికి కనెక్షన్ రీసెట్ అయింది అని వస్తోంది. పదకొండు సార్లు చేశాను.

సర్వర్ వాళ్లని అడిగితే మీ నెట్ బాగోలేదు అన్నారు. నెట్ వాళ్లని అడిగితే స్పీడ్ టెస్టులో 40 వస్తోంది కదా, మీ సైటులోనే ఏదో ఉంది అన్నారు. నెట్ రోజుకి మూడు నాలుగు సార్లు పోతున్న మాట నిజమే, ఎక్కువగా మధ్యాహ్నాలు, నెట్ పెట్టె మీద ఎర్ర లైటు వెలిగి ఆరుతుంది. కాసేపటికి అదే వస్తుంది. ఇద్దరి మధ్యా నేను నలిగిపోతున్నాను. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చెప్పండి.

గోదారిగట్టు · సోమవారం, రాత్రి 10:05

మాష్టారూ, ముందుగా ఒక్క మాట. పాత బ్లాగుని ఏ పరిస్థితిలోనూ తీసేయకండి. అంతా కొత్తచోటికి వచ్చేసింది అనిపించినా సరే. నేను 2014లో ఇదే దారిలో మారాను, అప్పుడు నేర్చుకున్నవి చెప్తాను.

ఆ బ్యాకప్ ఫైల్లో టపాలు, వ్యాఖ్యలు ఉంటాయి, బొమ్మలు ఉండవు. బొమ్మలకి లింకులు మాత్రమే ఉంటాయి, అసలు బొమ్మలు గూగుల్ సర్వర్లలోనే ఉండిపోతాయి. వాటిని విడిగా తెచ్చుకోవాలి, అది రెండో దశ, ఇప్పుడు దాని గురించి ఆలోచించకండి.

రెండోది చిరునామాలు. మీవన్నీ తెలుగు శీర్షికలే కదా. బ్లాగర్ టపా చిరునామాలో తెలుగు అక్షరాలు పెట్టదు, అందుకే బ్లాగ్-పోస్ట్, బ్లాగ్-పోస్ట్_15 అనే తోకలతో ఉండి ఉంటాయి. అప్పట్లో మనలో చాలామంది ముందు ఇంగ్లీషు శీర్షికతో ప్రచురించి, వెంటనే తెలుగులోకి మార్చేవాళ్లం, చిరునామా మాత్రం ఇంగ్లీషులోనే నిలిచేది. మీరు అలా చేశారా? వర్డ్‌ప్రెస్‌లో ఇబ్బంది ఇంకో రకం. అది తెలుగు శీర్షికని చిరునామాలోకి తీసుకుంటుంది, కానీ ఒక్కో అక్షరం శాతం గుర్తులతో కలిపి తొమ్మిది గుర్తులవుతుంది, గుణింతం గుర్తులు, పొల్లు కూడా విడివిడిగా లెక్కే. మొత్తం 200 గుర్తులు దాటకూడదు. అంటే ఇరవై రెండు అక్షరాల దగ్గర చిరునామా తెగిపోతుంది. కాబట్టి ఇకమీదట రాసే ప్రతి టపాకీ పొట్టిగా ఇంగ్లీషు అక్షరాల్లో చిరునామా మీరే ఇవ్వండి. పాతవాటి సంగతి వేరు, వాటికి దారి మళ్లించవచ్చు.

నెట్ సంగతి నాకు తెలియదు, తెలిసినవాళ్లు వస్తారు.

నల్లమల నెట్ · సోమవారం, రాత్రి 11:30

నేను హైదరాబాద్‌లో నెట్‌వర్క్ పని చేస్తాను, ఊరు మార్కాపురం వైపు. మాష్టారూ, మీ దగ్గర రెండు సమస్యలున్నాయి, ఒకటి కాదు. నెట్ పోవడం ఒకటి, ఎక్కించడం ఆగిపోవడం ఇంకొకటి. మొదటిదే రెండోదానికి కారణం కావచ్చు, కాకపోనూ వచ్చు. రెండూ కలిపి చూస్తే ఎప్పటికీ తేలదు, ముందు లైను సంగతి తేల్చుకుందాం.

వైఫై వదిలేసి కంప్యూటర్‌ని వైరుతో పెట్టెకి కలపండి, ఇది ముఖ్యం. వైఫై మీద ఏ పరీక్ష చేసినా గోడలూ పక్కింటి రౌటరూ కూడా లెక్కలోకి వస్తాయి. తర్వాత నల్ల తెర కమాండ్ కిటికీలు రెండు తెరిచి, ఒకదాంట్లో 192.168.1.1కి, ఇంకోదాంట్లో 8.8.8.8కి పింగ్ (చిన్న కబురు పంపి జవాబు వస్తుందో లేదో చూడడం) ఆగకుండా నడపండి. మొదటిది మీ ఇంట్లో పెట్టె, రెండోది ఊరు దాటి బయట. మధ్యాహ్నం నెట్ పోయే వేళ రెండిటినీ చూడండి. మొదటిది కూడా తెగుతుంటే లోపం ఇంట్లోనే. మొదటిది నిలకడగా ఉండి రెండోది మాత్రమే తెగుతుంటే లోపం పెట్టె నుంచి బయటికి.

స్పీడ్ టెస్టు 40 చూపించడాన్ని నమ్మకండి. ఆ టెస్టు సర్వర్ చాలాసార్లు నెట్ ఇచ్చేవాళ్ల సొంత నెట్‌వర్క్‌లోనే ఉంటుంది, పైగా అర నిమిషంలో అయిపోతుంది. మీకు కావలసింది పావుగంట తెగకుండా ఉండే లైను.

డాలస్ నుంచి · మంగళవారం, ఉదయం 6:48

మాష్టారు గారూ, నా సూచన కొంచెం వేరు. నెట్ నిలకడగా లేని చోట వర్డ్‌ప్రెస్ ఎందుకండీ? నేను హ్యూగో అనే సైటు తయారుచేసే సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. అది 2013లో వచ్చింది, ఉచితం. టపాలన్నీ మన కంప్యూటర్‌లోనే మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా ఉంటాయి, నెట్ లేకుండానే రాసుకోవచ్చు, సైటు ఎలా ఉంటుందో ఇంట్లోనే చూసుకోవచ్చు. నెట్ వచ్చినప్పుడు మారిన పేజీలు మాత్రమే పైకి వెళ్తాయి, అవి కేబీల్లో ఉంటాయి. డేటాబేస్ లేదు, హ్యాకింగ్ భయం తక్కువ, ప్రతి నెలా అప్‌డేట్లు చేస్తూ కూర్చోనక్కర్లేదు. నా బ్లాగు అలా మార్చి ఆరేళ్లయింది, ఒక్కరోజు కూడా ఇబ్బంది పడలేదు.

వంశధార మాష్టారు · మంగళవారం, రాత్రి 8:20

గోదారిగట్టు గారూ, పాత బ్లాగు ముట్టుకోను, మాట ఇస్తున్నాను. శీర్షిక కిటుకు నాకు 2011లో ఎవరో వ్యాఖ్యలో చెబితే తెలిసింది, అందుకని మొదటి మూడేళ్ల టపాలన్నీ బ్లాగ్-పోస్ట్ తోకలతోనే ఉన్నాయి.

డాలస్ బాబూ, మీరు చెప్పింది శ్రద్ధగా చదివాను, నెట్ లేకుండా రాసుకోవడం అన్నది నిజంగా ఆకర్షించింది. కానీ అందులో వ్యాఖ్యలు ఎక్కడ ఉంటాయి? కొత్తగా ఎవరైనా వచ్చి ఒక మాట రాయాలంటే ఎలా? ఇంకెక్కడో మూడోవాళ్ల దగ్గర ఖాతా తెరవాలంటే మా ఊరి పెద్దవాళ్లు రాయరు. కింద పెట్టెలో పేరు, మాట, అంతే ఉండాలి. ఆ ఒక్క కారణంతో వర్డ్‌ప్రెస్ మీదే ఉన్నాను.

నల్లమల వారూ, మీరు చెప్పినట్టే వైరు కలిపి చూశాను. ఇంట్లో పెట్టెకి వంద సార్లలో వందా వచ్చాయి, 1 మిల్లీసెకను. 8.8.8.8కి పొద్దున వందకి తొమ్మిది పోయాయి. మధ్యాహ్నం 2:40కి ఎర్ర లైటు వచ్చినప్పుడు నాలుగు నిమిషాలు అన్నీ పోయాయి, ఇంట్లో పెట్టె మాత్రం పలుకుతూనే ఉంది.

జగిత్యాల తీగ · మంగళవారం, రాత్రి 9:02

సార్ నమస్తే. నేను కేబుల్ ఆపరేటర్ దగ్గర ఫైబర్ జాయింట్ల పని చేస్త, పదకొండేండ్ల నుంచి. ఎర్ర లైటు కింద ఎల్ఓఎస్ అని ఉంటది చూడండి. అది వెలిగిందంటే పెట్టెకి వెలుగు అందుతలేదు అని అర్థం. మీ సైటుకి, మీ కంప్యూటర్‌కి దాంతోటి సంబంధం లేదు, అది పూర్తిగా తీగ సమస్య. ఆపరేటర్ మీ సైటులో ఉంది అంటే ఒప్పుకోకండి.

పెట్టె పేజీలోకి పోయి, పెట్టె అడుగున రాసి ఉన్న పాస్‌వర్డ్ కొట్టి, పాన్ స్టేటస్ అని ఉన్నకాడ ఆర్ఎక్స్ పవర్, అంటే పెట్టెకి అందే వెలుగు, ఎంతుందో చూడండి. మైనస్‌లోనే ఉంటది, డీబీఎం అనే కొలతల. మైనస్ 15 నుంచి 24 దాకా ఉంటే మంచిది. 27 దాటితే పెట్టె అంచు మీద నడుస్తున్నట్టు. గాలికి తీగ ఊగినా, ఎండకి ఏదన్నా కొంచెం కదిలినా పడిపోతది. మీకు మధ్యాహ్నం పోతున్నది అంటే నాకు అదే అనుమానం.

ఇంకొకటి, పెట్టెకి పెట్టే కొన రంగు చూడండి. పచ్చదా, నీలమా? తీగ కొనలోకి మాత్రం కంటితోటి చూడకండి సార్, ఆ వెలుగు కనపడదు కానీ కంటికి మంచిది కాదు.

అరకు కాఫీ · మంగళవారం, రాత్రి 9:40

చర్చ చదువుతున్నాను, నాకూ ఇదే బాధ. ఒక సందేహం. మాష్టారూ, ఫోన్ హాట్‌స్పాట్ మీద ఒకసారి ఎక్కించి చూడకూడదా? 14 ఎంబీయే కదా.

వంశధార మాష్టారు · బుధవారం, మధ్యాహ్నం 12:15

అరకు వారూ, మా ఇంట్లో సిగ్నల్ ఒక గీత, అదీ ఉండీ లేక. వీధి చివర రావిచెట్టు దగ్గర బాగుంటుంది కానీ నాది పాత డెస్క్‌టాప్ కంప్యూటరు, మోసుకెళ్లలేను.

జగిత్యాల వారూ, చూశాను. మైనస్ 28.6 అని ఉంది. తీగ కొన నీలం రంగులో ఉంది, పెట్టెలో అది పెట్టే రంధ్రం మాత్రం ఆకుపచ్చ. ఇంతకుముందు ఆకుపచ్చదే ఉండేదని మా ఆవిడ అంటోంది. సంక్రాంతి ముందు గడ్డి ట్రాక్టరు తగిలి మా వీధిలో తీగ తెగింది. అప్పుడు ఒక కుర్రవాడు వచ్చి అతికి, కొత్త కొన వేసి వెళ్లాడు. ఆలోచిస్తే నెట్ పోవడం మొదలైంది కూడా అప్పటి నుంచే.

జగిత్యాల తీగ · బుధవారం, మధ్యాహ్నం 1:03

దొరికింది సార్. పచ్చ కొన లోపల గాజు 8 డిగ్రీల ఏటవాలుగా అరగదీసి ఉంటది, నీలందాని కొన ఏటవాలు లేకుండా ఉంటది. రెండిటినీ ఎదురెదురు పెడితే మధ్యల ఖాళీ వస్తది, వెలుగు అక్కడ్నే చానా పోతది. పూర్తిగా ఆగిపోదు కాబట్టి అప్పటికి నెట్ వచ్చింది, పిల్లగాడు లైటు చూసి పోయిండు. మీటరు పెట్టి చూడలే.

మీ ఆపరేటర్‌కి ఫోన్ చేసి నెట్ స్లోగా ఉంది అని చెప్పకండి, అట్లా చెప్తే రీస్టార్ట్ చేయమంటరు. "ఆర్ఎక్స్ పవర్ మైనస్ 28.6 ఉంది, పచ్చదాంట్ల నీలం కనెక్టర్ వేసిండ్రు, పచ్చ ఏపీసీ కనెక్టర్ వేయాలె, పవర్ మీటరు తీసుకొని రండి" అని ఈ మాటలే చెప్పండి. కంప్లయింట్ నంబరు తీసుకోండి. వచ్చినప్పుడు కిటికీకాడ, తలుపుకాడ తీగ మడత పడ్డదా చూపించండి. ఫైబర్ తీగని కరెంటు వైరు లెక్క వంచి మేకు కొడితే అక్కడ కూడా వెలుగు కారిపోతది. మన చిటికెన వేలు చుట్టు తిప్పినంత చిన్న మలుపు ఉండొద్దు.

నల్లమల నెట్ · బుధవారం, మధ్యాహ్నం 2:30

అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. డీబీఎం లెక్కలో 3 తగ్గితే వెలుగు సగమైనట్టు, దాన్నిబట్టి చూసుకోండి. లైను బాగయ్యేదాకా దిగుమతి జోలికి వెళ్లకండి మాష్టారూ. సగం ఎక్కినవి పేరుకుపోతే తర్వాత శుభ్రం చేయడం కష్టం.

వంశధార మాష్టారు · ఆదివారం, సాయంత్రం 6:10

ఆలస్యానికి క్షమించండి. మీరు చెప్పిన మాటలే కాగితం మీద రాసుకుని ఫోన్‌లో చదివాను. మొదటిసారి రీస్టార్ట్ చేయమనకుండా మనిషిని పంపారు! శుక్రవారం వాళ్ల పెద్ద టెక్నీషియన్ మీటరు పట్టుకుని వచ్చాడు. నీలం కొన తీసేసి ఆకుపచ్చది వేశాడు. కిటికీ చట్రం దగ్గర మడత కూడా దొరికింది, అక్కడ తీగ వదులు చేసి వెడల్పుగా తిప్పాడు. ఇప్పుడు మైనస్ 21.4. అంటే వెలుగు ఐదు రెట్లు పైగా పెరిగినట్టట. ఆ అబ్బాయి చాలా మర్యాదగా చేశాడు, మధ్యలో ఆపి ఎందుకలా అవుతుందో నాకు చూపించాడు కూడా.

రెండు రోజులుగా ఎర్ర లైటు లేదు. 8.8.8.8కి వెయ్యికి వెయ్యీ వచ్చాయి. జగిత్యాల వారికి ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు.

కానీ ఫైలు మాత్రం ఇప్పటికీ ఎక్కడం లేదు. ఈసారి నెట్ తెగలేదు, పింగ్ నడుస్తూనే ఉంది, అయినా ఎక్కించేది కదలకుండా నిలబడిపోయి చివరికి రీసెట్ అంటోంది.

నల్లమల నెట్ · ఆదివారం, రాత్రి 8:45

అనుకున్నాను. చిన్న పేజీలు, చిన్న పింగ్‌లు వెళ్తాయి, పెద్ద ఫైలు ఆగిపోతుంది అంటే నా మొదటి అనుమానం ఎంటీయూ (ఒక ముక్క ఎంత పెద్దదిగా వెళ్లొచ్చో ఆ హద్దు) మీదకి వెళ్తుంది. దాన్ని మామూలు మాటల్లో చెప్తాను.

డేటా ముక్కలుగా వెళ్తుంది. ఒక ముక్క మామూలుగా 1500 బైట్ల దాకా ఉండొచ్చు. మీలా యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసే లైన్లలో పీపీపీఓఈ అనే తొడుగు 8 బైట్లు తినేస్తుంది, 1492 మిగులుతుంది. నెట్ ఇచ్చేవాళ్లు మధ్యలో ఇంకో తొడుగు వేస్తే ఇంకా తగ్గుతుంది. దారిలో ఇరుకు ఉంటే, ముక్క పెద్దదయింది చిన్నది పంపు అని అక్కడి రౌటరు వెనక్కి కబురు చెప్పాలి. కొన్నిచోట్ల ఆ కబుర్లని భద్రత పేరుతో ఆపేస్తారు. అప్పుడు మీ కంప్యూటర్ పెద్ద ముక్క పంపుతూనే ఉంటుంది, అది దారిలో మాయమవుతూనే ఉంటుంది, ఎవరూ ఏమీ చెప్పరు. రాసే దానికన్నా చదివేది ఎక్కువ కాబట్టి మామూలు వాడకంలో ఇది తెలియదు, పెద్ద ఫైలు పైకి పంపేటప్పుడే బయటపడుతుంది.

పరీక్ష ఇలా. కమాండ్ కిటికీలో పింగ్ అని, పక్కన మైనస్ ఎఫ్, తర్వాత మైనస్ ఎల్ 1464, చివర మీ కొత్త సైటు పేరు, అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే. 1464కి పింగ్ తొడుగుల 28 బైట్లు కలిపితే 1492. అది వెళ్లకపోతే 1452, 1442, 1432 అని తగ్గిస్తూ రండి. ఏ అంకె దగ్గర జవాబు రావడం మొదలవుతుందో దానికి 28 కలిపి, రౌటరులో వ్యాన్ సెట్టింగ్స్‌లో ఎంటీయూ అని ఉన్నచోట ఆ అంకె వేయండి.

వంశధార మాష్టారు · సోమవారం, రాత్రి 10:55

1464 పోలేదు, 1452 పోలేదు, 1442 పోలేదు, 1432కి జవాబు వచ్చింది. 1460 వేశాను. ఫైలు ఒక్క నిమిషం లోపు ఎక్కేసింది! ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను.

తర్వాత దిగుమతి మొదలై 207 టపాల దగ్గర ఆగింది. తెర తెల్లగా అయిపోయింది. ఈసారి కనెక్షన్ రీసెట్ అని రాలేదు. ఇంకొకటి, ఇంతకుముందు ఫైలు పెద్దదై ఆగుతోందేమోనని నేనే నోట్‌ప్యాడ్‌లో కొంత కత్తిరించి కొత్త ఫైలుగా సేవ్ చేసి పరీక్షకి ఎక్కించాను, ఆ నలభై టపాల్లో తెలుగంతా ప్రశ్న గుర్తులుగా మారిపోయింది. నా దగ్గర విండోస్ 7 ఉంది. అది చూసి రాత్రి నిద్ర పట్టలేదు, అసలు ఫైలు కూడా చెడిపోయిందేమోనని భయమేస్తోంది.

గోదారిగట్టు · సోమవారం, రాత్రి 11:20

మాష్టారూ, భయం లేదు. పాత నోట్‌ప్యాడ్ కొత్త ఫైలుని మామూలుగా ఆన్సీ పద్ధతిలో సేవ్ చేస్తుంది, అందులో తెలుగు ఇమడదు. సేవ్ చేసేటప్పుడు యూనికోడ్ అక్షరాలు పోతాయి అని ఒక హెచ్చరిక వచ్చి ఉంటుంది, మీరు ఓకే నొక్కి ఉంటారు. పోయింది ఆ కాపీలో మాత్రమే. బ్లాగర్ నుంచి దిగిన అసలు ఫైలుని మీరు మార్చలేదు కదా, అది క్షేమం. ఆ నలభై టపాలూ వర్డ్‌ప్రెస్ నుంచి తీసేయండి, చెత్తబుట్టలోంచి కూడా. సేవ్ చేయక తప్పకపోతే కింద ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 ఎంచుకోవాలి.

207 దగ్గర ఆగడం మాత్రం సర్వర్ వల్లే. ఒక పని ఎంతసేపు నడవొచ్చో వర్డ్‌ప్రెస్ రాసిన భాష పీహెచ్‌పీలో ఒక హద్దు ఉంటుంది, మొదట్లో ఉండేది 30 సెకన్లు. 612 టపాలు, నాలుగు వేల వ్యాఖ్యలు అంతలో అవ్వవు. నాకప్పుడు 180 దగ్గర ఆగింది. సర్వర్ వాళ్లని హద్దు పెంచమని అడగొచ్చు, లేదా ఫైలుని సరైన పద్ధతిలో ముక్కలు చేయొచ్చు. ఇక్కడ జాగ్రత్త కావాలి, ఆ ఫైల్లో వ్యాఖ్యలు టపా కిందే ఉండవు, విడిగా ఉంటాయి, ఏ టపాకి చెందినదో ఒక గుర్తు మాత్రమే ఉంటుంది. మధ్యలో అడ్డంగా కత్తిరిస్తే వ్యాఖ్యలు తల్లి లేని పిల్లలవుతాయి.

డాలస్ నుంచి · మంగళవారం, ఉదయం 7:15

మాష్టారు గారూ, ఈ ముక్కలు చేసే పని నాకు ఇవ్వండి. వ్యాఖ్యల గురించి మీరు చెప్పిన మాట వారం నుంచి నా మనసులో తిరుగుతోంది. నా బ్లాగు హ్యూగోలోకి మార్చినప్పుడు పాత వ్యాఖ్యలు తీసుకురాలేదు, అప్పుడు అక్కర్లేదనిపించింది. మా నాన్నగారు రాసినవి కూడా అందులో రెండు ఉండేవి.

ఫైలు డ్రైవ్‌లో పెట్టి లింకు నాకు మెసేజ్ చేయండి. సంవత్సరం వారీగా విడదీస్తాను, 2008 టపాకి 2015లో ఎవరైనా వ్యాఖ్య రాసి ఉంటే అది 2008 ఫైల్లోకే వెళ్లేలా చూస్తాను. విడదీశాక మొత్తం లెక్క సరిపోయిందో లేదో కూడా చెప్తాను.

డాలస్ నుంచి · బుధవారం, ఉదయం 8:02

పంపాను. 18 ఫైళ్లు, 612 టపాలు, 4,318 వ్యాఖ్యలు. ఒక్కటీ అనాథగా మిగల్లేదు. పెద్ద ఫైలు 2010ది, ఒకటిన్నర ఎంబీ.

వంశధార మాష్టారు · గురువారం, రాత్రి 11:48

ఉన్న అరకొర అంతా తీసేసి, 2008 నుంచి వరసగా ఒక్కొక్కటే ఎక్కించాను. పద్దెనిమిదీ వెళ్లాయి. వర్డ్‌ప్రెస్ లెక్క 612, వ్యాఖ్యలు 4,318. రెండుసార్లు చూసుకున్నాను.

2009లో రాసిన గంటెల టపా తెరిచాను. దాని కింద మా మందస స్నేహితుడు రాసిన వ్యాఖ్య ఉంది, గంటెల అన్నంలోకి ఏ పులుసు వేసుకునేవారో, ఏ నెలలో తినేవారో వివరంగా. ఆయన పోయి ఏడేళ్లయింది. తేదీ, టైము కూడా మారలేదు, రాత్రి 11:20. అప్పట్లో ఆయన కూడలి అనే బ్లాగుల సంకలిని చూసి, లేఖిని అనే తెలుగు టైపింగ్ పేజీలో టైపు చేసి, మా బ్లాగులో అతికించేవారు.

ఇక మిగిలింది బొమ్మలు, పాత చిరునామాల నుంచి ఇటు మళ్లించడం.

గోదారిగట్టు · శుక్రవారం, ఉదయం 9:30

చాలా సంతోషం మాష్టారూ. దిగుమతి చేసినప్పుడు ప్రతి టపా పక్కనా దాని పాత బ్లాగర్ చిరునామా దాచి ఉంటుంది, దాన్ని చూసి మళ్లించే ప్లగిన్లు (వర్డ్‌ప్రెస్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు) ఉన్నాయి. బ్లాగ్-పోస్ట్_15 అని ఎవరైనా పాత లింకు నొక్కినా సరైన టపాకే వస్తారు. పాత బ్లాగు టెంప్లేట్‌లో చిన్న ముక్క అతికించాలి, ఆ ముక్క ప్లగినే ఇస్తుంది. అతికించే ముందు పాత టెంప్లేట్ ఒక కాపీ దాచుకోండి. పాత బ్లాగు మూయొద్దు అన్నది ఇందుకే, అది మూస్తే మళ్లించడానికి అక్కడ ఏమీ ఉండదు.

బొమ్మలు రోజుకి కొన్ని చొప్పున తెచ్చుకోండి. నెట్ మధ్యలో పోతుందన్న టెన్షన్ పెట్టుకోకండి, టపా రాస్తుండగా నెట్ పోయినా 2013లో వచ్చిన 3.6 నుంచి వర్డ్‌ప్రెస్ మీరు రాసింది బ్రౌజర్‌లో దాచుతుంది, తిరిగి తెరిచినప్పుడు తెచ్చుకోమంటుంది. అయినా పెద్ద టపాలు విడిగా ఫైల్లో రాసి అతికించడమే నా అలవాటు.

అరకు కాఫీ · శుక్రవారం, మధ్యాహ్నం 3:15

మా ఇంట్లో చూశాను, మైనస్ 19, రెండు వైపులా ఆకుపచ్చే. ఎంటీయూ కూడా 1492 దగ్గర సరిగ్గా వెళ్తోంది. అయితే నాది వైఫై అన్నమాట, వైరుతో అసలు పోవడం లేదు. పక్కిళ్ల రౌటర్లన్నీ 6వ ఛానల్ మీదే ఉన్నాయి, నాదీ అదే. 11కి మార్చి చూస్తున్నాను.

నల్లమల నెట్ · శుక్రవారం, సాయంత్రం 5:40

1, 6, 11 మూడిట్లో ఖాళీగా ఉన్నదే తీసుకోండి, మధ్యలో అంకెలు వద్దు, అవి రెండు వైపులా ఒరుసుకుంటాయి. కంప్యూటర్ దగ్గరలోనే ఉంటే 5 గిగాహెర్ట్జ్‌కి మారండి.

వంశధార మాష్టారు · ఆదివారం, రాత్రి 9:05

మళ్లింపు పెట్టాను. పలాస ఆయనకి పాత లింకు ఫోన్‌లో పంపి నొక్కమన్నాను, కొత్త ఇంట్లోకే వచ్చిందన్నారు. వచ్చి ఊరుకోకుండా చోడి టపా కింద ఒక వ్యాఖ్య కూడా రాశారు, అది 4,319వది. అందులో నేను వినని మాట ఒకటి ఉంది, దాని సంగతి కనుక్కోవడానికి రేపు పొద్దున్నే ఆయనకి ఫోన్ చేయాలి.